తెల్ల చొక్కా మీద పేడనీళ్లు

నేను కోతలరాయుడినని మా సంతలో ఎవరిని అడిగినా చెబుతారు. వాళ్లు చెప్పేది నిజమే. మా తాత మైదానం నుంచి ఉప్పు మూటలతో అరకు కొండెక్కాడు. మా నాన్న ఆ ఉప్పు పక్కన పప్పులు పేర్చి కిరాణా కొట్టు పెట్టాడు. నేను ఆ కొట్టులో కూర్చుని కథలు అమ్ముతున్నాను, పప్పూ ఉప్పూ కొసరు. సంత రోజున కాఫీ పిక్కలూ చింతపండూ అమ్ముకుని వచ్చినవాళ్లు, సరుకు కట్టించుకునే లోపల ఒక కథ వినకపోతే తూకంలో మోసపోయినట్టు మొహం పెడతారు.

అయితే నేను వాలీబాల్ రెఫరీని కూడా. కోతలు కోసేవాడికి తీర్పు చెప్పే పని ఎవరిచ్చారని కొత్తవాళ్లు అడుగుతుంటారు. అందులో ఇబ్బందేమీ లేదు. నోట్లో విజిల్ ఉన్నంతసేపూ అబద్ధానికి చోటుండదు. బంతి గీత మీద పడితే పడిందంటాను, బయట పడితే బయటంటాను. తెల్ల చొక్కా, నీలం ప్యాంటు తొడిగి, జేబు మీద బ్యాడ్జీ పెట్టుకుని మెట్లెక్కి స్టాండ్ మీద నిలబడితే, రోజూ నా కథలకు నవ్వే మనుషులే నా చెయ్యి ఎటు లేస్తుందా అని ఊపిరి బిగబట్టి చూస్తారు.

మా కొండల్లో ఎంత చిన్న ఊరైనా రెండు సిల్వర్ ఓక్ గుంజలు పాతి వల కట్టుకుంటుంది. చదునైన నేల దొరకడమే కష్టం. ఒక ఊళ్లో కోర్టు ఎంత వాలుగా ఉంటుందంటే, పల్లపు పక్క ఆడేవాళ్లు వల అందుకోవడానికి ఎగిరి ఎగిరి పొడుగ్గా పెరిగిపోయారు, మెరక పక్కవాళ్లు పొట్టిగా మిగిలిపోయారు. పెళ్లిసంబంధాలు చూసేవాళ్లు ముందు ఏ పక్క ఆడతావని అడుగుతారు. ఇంతవరకూ నమ్మనక్కర్లేదు. ఇక మీదట చెప్పేది నమ్మవచ్చు.

నాతో పాటు మ్యాచ్‌లు నడిపే రెఫరీ ఒకమ్మాయి ఉంది. గిరిజన బాలికల ఆశ్రమ పాఠశాలలో ఆటల టీచరు. పెదబయలు దాటాక గెడ్డ వాగు అవతల వాళ్ల ఊరు. నన్ను అన్నయ్యా అంటుంది, నేను చెల్లెమ్మా అంటాను. నా కథలకు నవ్వని మనిషి ఈ ఏజెన్సీ మొత్తంలో ఆమె ఒక్కతే. నేను కోత మొదలుపెట్టగానే, చెయ్యి చాచి వల తగిలినట్టు సైగ చేస్తుంది. “నెట్ టచ్ అన్నయ్యా,” అంటుంది. పాయింటు పోయినట్టే.

ఇటుకల పండుగ ముందు ఒకరోజు మా కొట్టుకు వచ్చింది. సరుకు తీసుకోలేదు. బల్ల మీద కూర్చుని, విజిల్ తాడు వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉండిపోయింది.

“ఏటయింది చెల్లెమ్మా?”

“మా సెల్లి గుంటకి పెళ్లి కుదిరిపోనాది అన్నయ్యా. మా మేనత్త కొడుకుతోనే.”

ఆ కుర్రాడు నాకు తెలుసు. మా చుట్టుపక్కల అంత గట్టిగా స్మాష్ కొట్టేవాడు లేడు. ఒకసారి వాడు కొట్టిన బంతి సరిహద్దు దాటి ఒడిశాలో పడితే, తెచ్చుకోవడానికి చెక్‌పోస్టు దగ్గర బతిమాలాల్సి వచ్చింది. ఈ మాట నోటిదాకా వచ్చింది కానీ ఆమె మొహం చూసి మింగేశాను.

“మంచిదే కదా?”

“స్కూల్లో సదివినప్పుడు మా గుంటకి రక్తం పరీక్ష సేసినారు. సికిల్ సెల్ అనీ రక్తం జబ్బు సగముందట. సగమున్నోల్లకి మామూలుగా ఏటీ అవదు. కానీ ఆడికి కూడా సగముంటే, పుట్టే పిల్లలకి మా తమ్ముడి రాతే రావచ్చని నర్సమ్మ సెప్పింది.”

వాళ్ల తమ్ముణ్ణి నేను ఎరుగుదును. వానాకాలం చలి తగిలితే కీళ్లు పట్టేసి కేకలు పెట్టేవాడు. డోలీ కట్టి మోసుకుని కొండ దించేవాళ్లు. డోలీ కర్ర ముందు కొస ఈ అమ్మాయి భుజం మీదే ఉండేది. ప్రతి వానాకాలం దిగేవాడు, ఎక్కేవాడు. ఒక ఏడు దిగాడు, మళ్లీ ఎక్కలేదు.

“అయితే ఆ కుర్రాణ్ణి పరీక్ష చేయించుకోమని అడుగు.”

“ఎలా అడుగుతాను? నా కొడుకులో లోపమెతుకుతన్నావేటే అంటాది మా అత్త. సంబంధం మాట అటుంచు, రాకపోకలే ఆగిపోతాయి. పైగా ఆ గుంటడికి సూదంటే పడదు. రక్తం తీత్తే స్మాష్‌లో బలం పోద్దని ఊరందరికీ సెప్పి తిరుగుతన్నాడు.” తనే మళ్లీ అంది, “ఒక్కడినే పిలిత్తే లోపం. అందరినీ పిలిత్తే పండగ. టోర్నమెంటు దగ్గర క్యాంపు పెట్టమని నర్సమ్మని అడిగీసినాను.”

ఈ ముక్క చెప్పడానికే వచ్చిందని అప్పుడర్థమైంది.

ఇటుకల పండుగ గురించి ఒక మాట చెప్పాలి. చైత్రంలో మా కొండ ఊళ్లలో విత్తనాలకు పూజ చేసి, మగవాళ్లు అడవికి వేటకు వెళ్లడం ఆనవాయితీ. వేట దొరికితే ఊరంతా డప్పులు. ఉత్త చేతులతో తిరిగొచ్చాడో, ఊరి మొగదల ఆడవాళ్లు పేడనీళ్ల కుండలతో సిద్ధంగా ఉంటారు. ఎవడైనా సరే, తల మీద నుంచి పోస్తారు. ఇప్పుడు వేటకు అడవిలో ఏముంది? ఉన్నా వేటాడనివ్వరు. అందుకని కుర్రాళ్లు వేటను వాలీబాల్‌లోకి మార్చేశారు. పండుగ రోజుల్లో టోర్నమెంటు పెడతారు, కప్పే వేట. ఓడిన జట్టుకు మాత్రం పేడనీళ్లు ఎప్పటిలాగే. పట్టుకెళ్లడానికి ఏదైనా ఒకటి ఉంటే, పనసకాయైనా సరే, ఆడవాళ్లు నవ్వి దారి వదులుతారు.

టోర్నమెంటు నాడు పొద్దున్నే నర్సమ్మ మైదానం పక్కన చింతచెట్టు కింద గుడారం వేసింది. పరీక్ష చేయించుకున్నవాళ్ల మణికట్టుకు ఎర్ర గుడ్డపట్టీ కడుతుంది. పక్కన ఎర్ర టీ షర్టుల కట్ట కూడా ఉంది. వాటి మీద ‘నా పరీక్ష అయింది, మరి నీది?’ అని రాసి ఉంది. కుర్రాళ్లెవరూ అటు వెళ్లలేదు. దూరం నుంచి చూసి తమలో తాము మోచేతులతో పొడుచుకున్నారు.

“ముందు మీరు పొడిపించుకోండి సార్,” అన్నాడొకడు నాతో. “మీ సెయ్యి పడిపోకపోతే అప్పుడు సూద్దాం.”

నేనూ చెల్లెమ్మా వెళ్లి వేళ్లు చాపాం. నర్సమ్మ చుక్క రక్తం తీసి, పట్టీలు కట్టింది. చెల్లెమ్మ తన పట్టీని విజిల్ ఉన్న చేతికి కట్టించుకుంది. “మన సెయ్యి లేత్తే ఊరంతా సూత్తాది కదా,” అంది.

అలాగే అయింది. మొదటి సెమీఫైనల్‌లో పాయింటు పాయింటుకూ ఎర్ర పట్టీ గాలిలోకి లేచింది. గీత దగ్గర లేచింది, వల దగ్గర లేచింది. ఎవరి చేతులూ పడిపోలేదు. మ్యాచ్ ముగిసేసరికి గుడారం ముందు చిన్న వరుస కట్టింది. పెళ్లికొడుకు వరుసలో లేడు కానీ, వరుసకు కాస్త దగ్గరగా నిలబడి బంతి తిప్పుతున్నాడు. చెల్లెమ్మ వాడి వైపు చూడలేదు. చూడకుండా ఉండడానికి ఎంత కష్టపడుతోందో నాకు తెలుస్తూనే ఉంది.

అప్పుడు వచ్చారు అబ్జర్వర్ గారు.

పై నుంచి వచ్చిన పరిశీలకుడు. మా అసోసియేషన్ పంపిన పెద్దమనిషి. మొదటి మ్యాచ్ అయ్యాక నేనే రైలు దగ్గరికి వెళ్లి ఆటోలో తీసుకొచ్చాను. ఇస్త్రీ మడత విరగని తెల్ల చొక్కా, చంకలో నిబంధనల పుస్తకం. దారిలో ఆయనకు బోరు కొట్టకూడదని నాలుగు మాటలు చెప్పాను. మా దగ్గర పొగమంచు ఎంత చిక్కగా ఉంటుందంటే, ఒకసారి సర్వీస్ చేసిన బంతి మంచులో ఇరుక్కుపోయిందనీ, ఎండొచ్చి కింద పడేదాకా రెండు జట్లూ గంజి తాగుతూ కూర్చున్నాయనీ చెప్పాను. ఒక ఊరి కోడిపుంజు అచ్చం రెఫరీలా విజిల్ ఊదడం నేర్చుకుంటే, మ్యాచ్‌కు ముందు దాన్ని బుట్ట కింద మూయాల్సి వచ్చేదనీ చెప్పాను. ఆయన నవ్వారు. చివరికి వేలు చూపించి, “ఇక చాలు, నీ మాట ఒక్కటీ నమ్మను,” అన్నారు.

ఆ మాట గుర్తుపెట్టుకోండి.

ఆటోలో నా పట్టీని పట్టించుకోని ఆయన చూపు, మైదానంలోకి రాగానే మా ఇద్దరి మణికట్ల మీద పడింది.

“ఇవేమిటి?”

చెల్లెమ్మ చెప్పింది. ఆయన ఓపికగా విన్నారు, తల ఊపారు. తర్వాత పుస్తకం తెరిచారు.

“మంచి పనేనమ్మా, కాదనను. కానీ రెఫరీ చేతికి వాచీ, విజిల్ తప్ప ఇంకేమీ ఉండకూడదు. ఈరోజు ఎర్ర పట్టీ ఒప్పుకుంటే రేపు పార్టీ పట్టీ వస్తుంది, ఎల్లుండి సిమెంటు కంపెనీది వస్తుంది. ఎక్కడని ఆపను? తీసేయండి.”

మాటలో న్యాయం లేకపోలేదు. ఎన్నికల ఏడు మా టోర్నమెంట్లలో వల మీద కూడా కండువాలు ఆరేశారు. చెల్లెమ్మ ముడి విప్పి, పట్టీ మడిచి జేబులో పెట్టుకుంది. నేనూ తీసేశాను.

మేం తీయడం గుడారం ముందున్న వరుస చూసింది.

“సార్లు తీసీసినారు.”

“ఎందుకట?”

“పై నుంచి ఆపీసర్ వచ్చి తీయించీసినాడు. సర్కారు వద్దన్నాదేమో.”

“అమ్మో, ఏదో తేడా ఉంది.”

ఒకడు ముక్కు గోక్కుంటూ వరుసలోంచి పక్కకు జరిగాడు. ఇంకొకడు చెప్పు తెగినట్టు వంగి, అలాగే వెళ్లిపోయాడు. కాసేపటికి నర్సమ్మ ఒక్కతే కూర్చుని ఈగలు తోలుకుంటోంది. పెళ్లికొడుకు బంతి నేలకేసి కొట్టి, అందరికీ వినపడేలా అన్నాడు, “నాను ముందే సెప్పలేదేటి?”

చెల్లెమ్మ నీళ్ల కుండ దగ్గరికి వెళ్లి మొహం కడుక్కుంది. అవసరమైన దానికంటే ఎక్కువసేపు కడుక్కుంది.

రెండో సెమీఫైనల్‌లో పెళ్లికొడుకు జట్టే గెలిచింది. ఫైనల్‌కు ముందు కాస్త విరామం. అబ్జర్వర్ గారికి టీ కావాలి. మైదానం నుంచి సంతకు ఒకటే బాట, కంచె సందులోంచి. ఆ సందు దగ్గరే ఆడవాళ్లు కుండలతో కాపు కాశారు. ఓడిన జట్టు తలలు వంచుకుని అటే నడుస్తోంది. ఈయన వాళ్ల వెనకే బయల్దేరారు, చేతులు వెనక్కి కట్టుకుని.

పరిగెత్తుకెళ్లి అడ్డం పడ్డాను.

“సార్, ఉత్త చేతులతో వెళ్లకండి. పండగ రోజులు. చేతిలో ఏమీ లేకపోతే ఆడవాళ్లు పేడనీళ్లు పోస్తారు.” అంటూ, ఎవరిదో బండి మీదున్న పనసకాయ ఒకటి తీసి చేతిలో పెట్టబోయాను. “ఇది పట్టుకోండి. ఏమీ అనరు.”

ఆయన పనసకాయను చూశారు. నన్ను చూశారు. పొట్ట కదిలేలా నవ్వారు.

“ముందు మంచులో బంతి, తర్వాత విజిల్ ఊదే కోడి, ఇప్పుడు పనసకాయా? బాగుందయ్యా నీ వరస.”

“సార్, ఇది నిజం.”

“అవీ నిజమే అన్నావు కదా.”

పనసకాయ పట్టుకుని నిలబడిపోయాను.

సందు దగ్గర ఓడిన కుర్రాళ్లకు వరసగా పడ్డాయి. కేకలు, నవ్వులు. వాళ్ల వెనక ఒక ముసలామె కుండ ఎత్తి, అబ్జర్వర్ గారి ముందు నిలబడింది.

“ఏటి తెచ్చినావు బాబూ?”

“నేనా? ఏమీ లేదమ్మా,” అన్నారాయన మర్యాదగా, రెండు అరచేతులూ చూపించి.

పక్కనున్న ఆడమనిషి ముసలామె మోచెయ్యి పట్టుకుంది. “ఓలమ్మ, ఈయన ఆపీసరే. తెల్లబట్టలేసుకున్నాడు.”

“తెల్లబట్టలైతే ఏటి, మగోడే కదా,” అని ముసలామె కుండ వంచేసింది.

ఇస్త్రీ మడత ముందు పోయింది. తర్వాత తెలుపు పోయింది. ఆయన అలాగే నిలబడ్డారు. కళ్లజోడు తీసి, తుడుచుకోవడానికి శుభ్రమైన చోటు చొక్కా మీద వెతుక్కున్నారు, దొరకలేదు. అప్పుడు నా వైపు తిరిగారు.

“ఇది నిజమా?”

“ఇదొక్కటే నిజం సార్.”

ఫైనల్ చూడడానికి వచ్చిన జనం అప్పటికే కోర్టు చుట్టూ మూగారు. ఆయన టేబుల్ దగ్గర కూర్చుంటే గానీ మ్యాచ్ మొదలుకాదు. యూనిఫాం లేకుండా టేబుల్ దగ్గర ఎవరూ కూర్చోకూడదని ఆయన పుస్తకంలోనే ఉంది. మారు చొక్కా తెచ్చుకోలేదు. నాది ఇస్తానన్నాను. ఆయన నా బక్క ఒంటిని పైనుంచి కిందికి ఒకసారి చూశారు. నేను చొక్కా విషయం మళ్లీ ఎత్తలేదు.

“ఆ గుడారంలో చొక్కాలేవో ఉన్నాయి కదా?” అన్నారు చివరికి.

నర్సమ్మ టీ షర్టుల కట్ట మీద చెయ్యేసింది. “ఉన్నాయి సార్. కానీ పరీక్ష అయినోల్లకే ఇత్తాను. దాని మీద ఏటి రాసుందో సూడండి. నాను మీసేత అబద్ధం తొడిగించలేను.”

ఆయన రాసింది చదివారు. జనం మెల్లగా గుడారం వైపు జరిగారు. పెళ్లికొడుకు కూడా భుజాల మధ్యలోంచి తల దూర్చాడు.

“వేలి మీదేనా?”

“వేలి మీదే సార్. సుక్క.”

అబ్జర్వర్ గారు స్టూలు లాక్కుని కూర్చున్నారు. తడిసిన చేతిని శుభ్రంగా కడిగించుకుని చాపారు. “నాకు షుగరమ్మా. రోజూ పొద్దున్నే నా అంతట నేనే పొడుచుకుంటాను. కాఫీ తాగినట్టే,” అన్నారు. సూది దిగినప్పుడు ఆయన చెక్కు చెదరలేదు. ఒడిశాలోకి బంతి కొట్టగలవాడు మాత్రం మొహం పక్కకు తిప్పుకున్నాడు.

ఎర్ర టీ షర్టు ఆయనకు పొట్ట దగ్గర కాస్త బిగువైంది. తొడుక్కుని, ఇటు తిరిగి మా ఇద్దరినీ చూశారు. మా తెల్ల చొక్కాలు చూశారు. తడిసిన పుస్తకం తెరిచి, అంటుకున్న పేజీలు గోటితో విడదీసి, ఒకచోట వేలు పెట్టారు.

“అధికారులందరూ ఒకే రంగు చొక్కాలో ఉండాలి. స్పష్టంగా ఉంది. ఇక్కడ తెలుపు దొరకదు. కాబట్టి ఎరుపు. మీ ఇద్దరికీ పరీక్ష అయింది కదా? వెళ్లి మార్చుకోండి. లైన్స్‌మన్‌లు కూడా. పరీక్ష కానివాళ్లు చేయించుకుని రావాలి. బేగి రండి.”

బేగి అనే మా మాట ఆయన నోట అంత తొందరగా పడుతుందనుకోలేదు.

లైన్స్‌మన్‌లు వెళ్లారు. లైన్స్‌మన్‌ల వెనక వాళ్ల తమ్ముళ్లు వెళ్లారు. ఓడి, పేడనీళ్లతో తడిసి, ఇంటికి వెళ్లలేక తిరిగొచ్చిన కుర్రాళ్లు, పొడి చొక్కా దొరుకుతుందని వెళ్లారు. మొదటి సెమీఫైనల్ తర్వాత కట్టిన వరుస దీని ముందు ఎంత. ఫైనల్‌కు మెయిన్ రెఫరీ చెల్లెమ్మ. ఎర్ర చొక్కాతో ఆమె స్టాండ్ ఎక్కితే, కింద నుంచి చూసిన నాకు దీపం పెట్టినట్టు కనిపించింది.

పెళ్లికొడుకు ఒక్కడే వరుసలో చేరలేదు. ఫైనల్ ఉంది, బలం పోతుందన్నాడు. పోనీలే అనుకుని ఆడనిచ్చాం. వాడు ఆడిన ఆట గురించి నేను చెబితే మీరు నమ్మరు కనుక చెప్పను. గెలిచారు. అబ్జర్వర్ గారి చేతుల మీదుగా కప్పు తీసుకున్నాడు. జట్టంతా భుజాల మీద ఎత్తుకుంది. డప్పుతో కంచె సందు దగ్గరికి ఊరేగించారు. ఉత్త చేతులు కావు కాబట్టి వాడికి భయం లేదు.

సందులో ఇప్పుడు ముసలామె లేదు. కుండ పట్టుకుని చెల్లెమ్మ చెల్లెలు నిలబడి ఉంది. పెళ్లికూతురు.

“ఏటి తెచ్చినావు బావా?”

వాడు కప్పు ఎత్తి చూపించాడు, పళ్లన్నీ కనపడేలా. “కనపడతలేదేటి?”

“కప్పులో కూడొండుకుంటామేటి? ఏలు సూపించు.”

డప్పు ఆగింది.

“ఏలెందుకే?”

“ఆ ఆపీసర్ సూపించినాడు. మా అక్క సూపించింది. నిన్న మొన్నటి గుంటలు కూడా సూపించినారు. నాదీ అయిపోనాది. నీదేది?”

“అది... తర్వాత సూద్దాం.”

“తర్వాతంటే తర్వాతే. పెళ్లి కూడా తర్వాతే సూద్దాం.” కుండ కొంచెం ఎత్తింది. “పొయ్యమంటావా?”

పక్కనున్న ఆడవాళ్లలో వాడి తల్లి కూడా ఉంది. చెల్లెమ్మ ఇన్నాళ్లూ ఎవరి మాటకు భయపడిందో ఆ మేనత్త. ఆమె కొడుకు వైపు చూసింది, కాబోయే కోడలి చేతిలో కుండ వైపు చూసింది.

“ఎళ్లరా,” అంది. “సుక్క రక్తానికి సచ్చిపోతావేటి. ఊరందరి ముందూ నా పరువు పేడలో కలపకు.”

వాడు కప్పు తల్లి చేతిలో పెట్టి గుడారం వైపు నడిచాడు. కప్పు అందుకున్నప్పటికంటే మెల్లగా నడిచాడు. సూది చూసి కళ్లు గట్టిగా మూసుకున్నాడు. అయిపోయిందని నర్సమ్మ చెప్పాక కూడా తెరవలేదు.

ఫలితం రావడానికి కాసేపు పట్టింది. ఆ కాసేపూ చెల్లెమ్మ స్టాండ్ పక్కనే నిలబడి వల తాళ్లు విప్పుతోంది. విప్పిన ముడే మళ్లీ వేసి మళ్లీ విప్పుతోంది. నేను ఏదో ఒక కథ చెప్పి ఆమెను మళ్లించాలనుకున్నాను. ఒక్కటీ తోచలేదు. నాకు అలా జరగడం అదే మొదలు.

నర్సమ్మ కుర్రాణ్ణి గుడారం లోపలికి పిలిచి మాట్లాడింది. వాడు బయటికొచ్చి, ఎవరినీ చూడకుండా తిన్నగా కంచె సందు దగ్గరికి వెళ్లాడు. పట్టీ కట్టిన చెయ్యి చూపించాడు.

“నాకు లేదంట,” అన్నాడు. “నీకున్నా పరవాలేదంట. పిల్లలకి ఆ రోగం రాదంట. పరీచ్చ మాత్రం సేయించాలంట, మనలాగే.”

పిల్ల కుండను కంచె పక్కన కాఫీ మొక్క మొదట్లో వంపేసింది. వంపుతూ అక్క వైపు చూసింది.

చెల్లెమ్మ వల వదిలేసి, జేబులోని ఎర్ర పట్టీ తీసి మళ్లీ కట్టుకుంది. విజిల్ నోట్లో పెట్టుకుని పొట్టిగా ఒక్కసారి ఊది, ఎర్ర పట్టీ కట్టిన చెయ్యి ఆ ఇద్దరి వైపు ఊపింది. సర్వీస్ చెయ్యవచ్చు, ఆట సాగించవచ్చు అని రెఫరీ చేసే సైగ. ఆ సైగ చేశాక ఆమె మొహం కడుక్కోవడానికి మళ్లీ నీళ్ల కుండ దగ్గరికి వెళ్లింది. ఈసారి నేనూ వెళ్లాను.

అబ్జర్వర్ గారు మా వెనకే వచ్చి నిలబడ్డారు.

“మ్యాచ్ అయిపోయాక విజిల్ ఊదకూడదు,” అన్నారు. పుస్తకం మాత్రం తెరవలేదు.

“కోడిపుంజేమో సార్, ఊదింది,” అన్నాను.

చెల్లెమ్మ తడి మొహంతోనే చెయ్యి చాచి, వల తగిలినట్టు సైగ చేసింది.

ఆయన రైలుకు వేళవుతోంది. కంచె సందు వైపు చూశారు. అక్కడ ముసలామె కొత్త కుండ నింపుకుని మళ్లీ తన చోట కూర్చుంది.

“ఇదిగో, ఇందాకటి పనసకాయ ఎక్కడ పెట్టావు?” అన్నారు.